చెత్త దీవి ఎక్కడా లేదు

అపోహ: పసిఫిక్‌లో మనిషి నడవగలిగేంత గట్టి ప్లాస్టిక్ దీవి ఉంది.

లేదు. హవాయికీ కాలిఫోర్నియాకీ మధ్య ఉన్నది సుడి తిరిగే ప్రవాహాల్లో చిక్కుకున్న చెత్త. 1997లో పడవ పందెం ముగించుకుని ఆ దారిన తిరిగొస్తున్న చార్లెస్ మూర్‌కు కనిపించింది కూడా దిబ్బ కాదు. ఎంత దూరం వెళ్లినా అక్కడొకటి, ఇక్కడొకటి తేలుతున్న మూతలు, సీసాలు, ముక్కలు. 2018లో వెలువడిన ఒక అధ్యయనం ఆ ప్రాంతాన్ని 16 లక్షల చదరపు కిలోమీటర్లుగా, అందులోని ప్లాస్టిక్‌ను సుమారు 79 వేల టన్నులుగా లెక్కగట్టింది. భాగించి చూస్తే చదరపు కిలోమీటరుకు 50 కిలోలు కూడా లేదు. గుట్టగా ఉంటే ఎత్తిపోయవచ్చు. ఇంత పలచగా పరుచుకున్నదాన్ని ఏరడమే అసలు కష్టం. పైగా ముక్కల సంఖ్యలో నూటికి 94 వంతులు 5 మిల్లీమీటర్ల లోపువే.

అపోహ: సముద్రాన్ని పాడుచేసేది స్ట్రాలు, క్యారీబ్యాగులే.

స్ట్రా మానేయడం మంచిదే, మానండి. కానీ ఆ 79 వేల టన్నుల బరువులో 46 శాతం చేపల వలలదని అదే అధ్యయనం తేల్చింది. నూలు వలల కాలంలో తెగిపోయిన వల కొన్నాళ్లకు కుళ్లిపోయేది. ఇప్పటి నైలాన్ వల కుళ్లదు. వేసినవాడు మరిచిపోయినా అది చేపల్ని, పీతల్ని పడుతూనే ఉంటుంది. మన తీరానికి గుడ్లు పెట్టడానికొచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లకు మరపడవలు లాగే వలలే పెద్ద గండం. తెగిపోయిన వలలు దానికి తోడు. పోస్టర్ల మీద మాత్రం ఎప్పుడూ స్ట్రాయే కనిపిస్తుంది, వల బొమ్మ అరుదు.

అపోహ: మా ఊరికి సముద్రమే లేదు, మాకేం సంబంధం?

హైదరాబాద్ మురుగు మోసుకెళ్లే మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఆ కృష్ణ హంసలదీవి దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. దారిలో పులిచింతల, ప్రకాశం బ్యారేజీ కొంత చెత్తను ఆపుతాయి, కాదనను. వరదకు గేట్లెత్తినప్పుడు తేలిపోయే కవరును ఎవరాపుతారు? నదుల మీదుగా సముద్రం చేరే ప్లాస్టిక్‌లో అత్యధిక భాగం పది పెద్ద నదులదేనని 2017లో ఒక అధ్యయనం చెప్పింది. ఆ మాట ఇప్పటికీ తిరుగుతోంది. 2021లో మరో అధ్యయనం లెక్క మార్చింది: అందులో 80 శాతం తెచ్చేవి వెయ్యికి పైగా నదులు. నగరాల మధ్య పారే చిన్న నదులకూ అందులో పెద్ద వాటాయే ఉంది.

అపోహ: ప్లాస్టిక్ సీసా 450 ఏళ్లలో కరిగిపోతుంది.

ఎవరు చూశారు? మొదటి కృత్రిమ ప్లాస్టిక్ బేకలైట్ పుట్టిందే 1907లో. ఆ సంఖ్య అంచనా మాత్రమే. ఎండకు, అలలకు ప్లాస్టిక్ కరగదు, పొడి అవుతుంది.

అపోహ: ‘బయోడీగ్రేడబుల్’ అని రాసి ఉంటే భయం లేదు.

ఇంగ్లండ్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయం పరిశోధకులు అలాంటి సంచులను మట్టిలో, సముద్రంలో మూడేళ్లు ఉంచారు. 2019లో ఫలితాలు ప్రకటించే నాటికీ వాటిలో సరుకులు మోయగలిగే సంచి మిగిలే ఉంది. అందుకే ఆ ముద్ర కన్నా, వాడిన తర్వాత సంచి ఎక్కడికి పోతుందన్నది ముఖ్యం.

అపోహ: పెద్ద ఓడలు పెట్టి ఊడిస్తే సముద్రం శుభ్రమవుతుంది.

మరియానా అగాధంలో 10,898 మీటర్ల లోతున కూడా ప్లాస్టిక్ సంచి కెమెరాకు చిక్కింది. అక్కడికి ఏ చీపురు వెళుతుంది? ఒడ్డుకు దగ్గర్లో మాత్రం చేయగల పని చాలా ఉంది. కేరళలో కొల్లం దగ్గరి నీండకర హార్బరులో 2017లో ‘శుచిత్వ సాగరం’ మొదలైంది. చేపలతో పాటు వలలో పడిన ప్లాస్టిక్‌ను మళ్లీ నీళ్లలోకి విసిరేయకుండా, ఇచ్చిన సంచుల్లో ఒడ్డుకు తెమ్మని మత్స్యకారులను కోరారు. దాన్ని కడిగి వేరుచేసే పనికి స్థానిక మహిళలను కూలికి పెట్టారు. ముక్కలు చేసిన ప్లాస్టిక్‌ను తారులో కలిపి రోడ్లు వేశారు.