బోరు చుట్టూ పోసిన సిమెంటు పాలు ఎంతకాలము నిలుచును?

కోలారు, హోసూరు, బళ్ళారి ప్రాంతముల తెలుగు పల్లెలలో పెక్కుచోట్ల నేల తీరు ఒక్కటే. పైన మట్టి, మొరము. అడుగున గట్టి రాయి. అందుచే బోరు వేయువారు మెత్తని పొర దాటువరకు కేసింగు పైపు దింపి, ఆపై రాతిలో తవ్వుదురు. పైపునకు, గుంత గోడకు నడుమ కొంత సందు మిగులును. దానిని మూయనిచో మరుగుదొడ్డి గుంట నుండియు, పశువుల కొట్టము నుండియు ఊరిన మురుగు ఆ దారినే తాగునీటిలోనికి దిగును. ఆ సందులో సిమెంటు పాలు పోయుటనే గ్రౌటింగు అందురు.

నేలలో ఇది పాడుకాదా యని పలువురు అడుగుచుందురు. సిమెంటు గట్టిపడుట ఆరుటవలన కాదు, నీటితో కలిసి జరుగు రసాయన చర్యవలన. కావున తేమ విడువని నేలలో అది ఏండ్ల తరబడి మెల్లగా బలపడుచుండును. చక్కగా కలిపి పోసినది దశాబ్దములు నిలుచును.

దానిని చెరచునవి ముఖ్యముగా మూడు. మొదటిది, కలుపునప్పటి అధిక జలము. 50 కిలోల బస్తాకు సుమారు 25 లీటర్లు చాలును. మించిన నీరు సన్నని రంధ్రములను మిగుల్చును. రెండవది, భూజలములోని సల్ఫేటు లవణములు. ఇవి ఆ రంధ్రముల గుండా చొచ్చి, ఉబ్బెడు స్ఫటికములను పుట్టించి, పగుళ్లు తెచ్చును. అట్టి చోట సల్ఫేటును తట్టుకొను సిమెంటు గాని, స్లాగ్ సిమెంటు గాని వాడవలెను. మూడవది, ఆమ్లగుణము గల నీటి ప్రవాహము. అది సిమెంటులోని సున్నమును కరిగించి కొనిపోవును.

పోయు పద్ధతియు ముఖ్యమే. సన్నని గొట్టమును అడుగువరకు దింపి, క్రింది నుండి పైకి నింపవలెను. పైనుండి బకెట్టుతో కుమ్మరించినచో నడుమ ఖాళీలు మిగులును. కనీసము ఒక దినము గట్టిపడనిచ్చిన పిదపనే మరల తవ్వవలెను. పి.వి.సి. పైపు నునుపైనది గనుక సిమెంటు దానిని గట్టిగా అంటదు. ముందే కదిలించినచో మరల సందు ఏర్పడును.

మురుగు వలన నీటిలో నైట్రేటు పెరుగును. తాగునీటిలో ఇది లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదని భారత ప్రమాణము. మించిన నీటితో పాలు కలిపి పట్టినచో పసిబిడ్డల రక్తమునకు ప్రాణవాయువును మోయు శక్తి తగ్గును. కాచినను నైట్రేటు పోదు.

కావున బోరు బండి వచ్చిన దినముననే గ్రౌటింగు సంగతి అడుగుడు. పాత బోరులో వాన కురిసిన వెంటనే నీరు మసకబారుచున్నచో, ఆ నీటిని పరీక్షకు పంపుడు.