మిగిలిన పని



పని తేలికపరచు యంత్రములు నేడు మన యిండ్లలో ననేకములు గలవు. అయినను తీరిక గాని, మనశ్శాంతి గాని పెరిగినట్లు తోచదు. రాత్రి వంటిల్లు సర్దుకొని కూర్చుండగానే నా చేయి సెల్‌ఫోనును వెదకును. అందొకతె కట్టిన క్రొత్త యిల్లు, మరియొకతె పొందిన సన్మానము! చూచి చూచి పండుకొనునప్పటికి, ‘నా పేర నిలుచున దేమున్నది?’ అను చింత ముల్లువలె మిగిలెడిది. మా వారు బడిపంతులు; వారి పేరు చెప్పుకొను శిష్యులైన గలరు. నాకెవరు?

నిరుడు మాఘమాసమున, మా గుంటూరు సీమ నల్లరేగడి పల్లెలలో మిరపకాయలు కళ్లములందెండుచున్న వేళ, మా అత్తగారు పరమపదించిరి. ఆమె పెట్టెలో సగము కుట్టిన బొంత యొకటి దొరకినది. గర్భవతియైన మా ఆడుబిడ్డకు పుట్టబోవు శిశువు కొరకు, మెత్తబడిన పాత నూలుచీరలు మడతలు పరచి, ఆమె మొదలిడినది. సూది యింకను గుడ్డకే గ్రుచ్చియున్నది. నా కుట్టు దూరమని ఆమె పలుమార్లు ఆక్షేపించెడివారు. నేనును మాటకు మాట యనుచుంటిని. అందుచేత ఆ బొంతను తాకుటకు మనసొప్పక, మూడునెలలు పెట్టెలోనే యుంచితిని.

ఆ దినములలో, చిన్ననాట మా తండ్రిగారు చెప్పిన భారతమును మరల తెరచితిని. పదునొకండవ శతాబ్దమున నన్నయభట్టు రాజమహేంద్రవరమున నారంభించిన ఆ గ్రంథము అరణ్యపర్వము మధ్యనే నిలిచిపోయెను. పదుమూడవ శతాబ్దమున తిక్కన సోమయాజి విరాటపర్వము మొదలు పదునేను పర్వములు రచించెను గాని, ఆ కొఱతను ముట్టలేదు. పదునాలుగవ శతాబ్దమున, మన గుండ్లకమ్మ చెంతనున్న అద్దంకి నేలిన ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవి ఎఱ్ఱాప్రగడ దానిని పూరించెను. పూరించి, తన కాలపు ప్రభువునకు గాక, గతించి సుమారు 300 ఏండ్లయిన రాజరాజనరేంద్రునికే అంకిత మొసగెను. నన్నయ శైలికి దగ్గరగా మొదలిడి, క్రమముగా తిక్కన శైలికి చేరువయ్యెనని పెద్దలందురు. రెండు గట్టులను గలుపు వంతెనవలె నిలుచుటయే ఆయన కోరినది.

ఈ కథ నాకు క్రొత్తది కాదు. దాని యర్థము మాత్రము ఆనాడే తెలిసినది. మరునాడు బొంతను తీసితిని. అత్తగారి కుట్టు విప్పి, అంతయు నా చేతిదిగా చేయుదమా యని యొక క్షణము తోచినది. విప్పలేదు. ఆమె సూది నిలిచినచోటనే ఆరంభించి, ఆమె కోరినంత దగ్గరగా కుట్టుచు వచ్చితిని. రాత్రికొక రెండు వరుసలు. ఆ గంటసేపు ఫోను అలమరలో నుండెడిది. ఎన్నడు నెరుగని నెమ్మది మనసున దిగినది. బ్రతికియుండగా మేము కలుపుకొనలేని మాట ఆ దారమున గలిసినట్లయినది.

పేరు కోరుట తప్పని నేననను. ఎఱ్ఱనయు హరివంశమును రచించి వేమారెడ్డికే అంకితమిచ్చెను గదా! కాని ప్రతి పనియందును మన పేరే వెదకితిమేని మనసునకు నిలుకడ యుండదు. మన కంటె ముందువారు విడిచిన పని ప్రతి యింటను ఏదో యొకటి యుండును. ఒకసారి పెట్టె తెరచి చూడుడు.

ఇప్పుడు మా మేనకోడలు ఆ బొంతపై నిదురించుచున్నది. ఏ కుట్టు ఎవరిదో ఆ పసికందునకు తెలియదు. నాకును, దీపము వెలుగున చూచినగాని పోల్చుకొన శక్యము గాదు.