పోర్ట్ కార్న్‌వాలిస్ రేవు - బర్మా స్తూపాల చిత్రసాక్ష్యం

ఉత్తర అండమాన్‌లో డిగ్లీపూర్ సమీపాన పోర్ట్ కార్న్‌వాలిస్ అనే సహజ నౌకాశ్రయం ఉంది. వలసపాలన కాలంలో బర్మా బౌద్ధ కట్టడాలను చిత్రించిన ఇద్దరి ప్రయాణాలు ఈ రేవు మీదుగానే సాగాయి. వారి చిత్రాలు నేటి పరిశోధకునికి విలువైన ఆధారాలు. అయితే వాటిని పరీక్షించకుండా స్వీకరించడం తగదు.

మొదటిది దౌత్యయాత్ర. ఈస్టిండియా కంపెనీ తన అండమాన్ స్థావరాన్ని 1792లో ఇక్కడికి మార్చి, వ్యాధుల కారణంగా 1796లో విడిచిపెట్టింది. ఆ నడుమ 1795లో, గవర్నర్ జనరల్ సర్ జాన్ షోర్ పంపగా, మైకేల్ సైమ్స్ అమరపురలోని బోదోపయా రాజు ఆస్థానానికి బయలుదేరాడు. కలకత్తా నుంచి రంగూన్ వెళ్తూ ఆయన నౌక ఈ రేవులో ఆగింది. ఆయన వెంట వైద్యుడు ఫ్రాన్సిస్ బుకానన్, బెంగాల్ చిత్రకారుడు సింగీ బే ఉన్నారు. ఈ బుకాననే తరువాత 1811లో బోధగయను పరిశీలించి వివరాలు నమోదు చేశాడు.

సైమ్స్ గ్రంథం 1800లో లండన్‌లో వెలువడింది. సింగీ బే గీసిన చిత్రాలు అందులో చెక్కుడు ముద్రణలుగా చేరాయి. పెగూ నగరంలోని ష్వేమోడో స్తూపాన్ని ఆ గ్రంథం ప్రత్యేకంగా వర్ణిస్తుంది. రెండు అంతస్తుల వేదిక, అష్టకోణాకార పీఠం, పీఠపు ఒక్కొక్క భుజం 162 అడుగులు, నేలమట్టం నుంచి ఎత్తు 361 అడుగులు అని సైమ్స్ నమోదు చేశాడు. 1930 మే నెలలో సంభవించిన భూకంపానికి ఆ స్తూపం కూలిపోయింది. నేడు కనిపించేది 1950లలో పూర్తయిన పునర్నిర్మాణం. అందువల్ల పూర్వరూపాన్ని ఊహించదలచినవారికి ఆ కొలతలు, చిత్రాలు విడదీయరాని జంట.

రెండవది యుద్ధయాత్ర. 1824లో మొదటి ఆంగ్లో-బర్మా యుద్ధానికి బెంగాల్, మద్రాసు సేనల నౌకలు ఈ రేవులోనే కలుసుకున్నాయి. 89వ రెజిమెంటు లెఫ్టినెంట్ జోసెఫ్ మూర్ రచించిన రంగూన్ దృశ్యమాలిక, ఇక్కడి నుంచి నౌకాదళం బయలుదేరే దృశ్యంతోనే ఆరంభమవుతుంది. తరువాతి చిత్రాలలో ష్వేడగాన్ ప్రధాన మార్గం, మహాఘంట సమీపాన ఉన్న ప్రాంగణం కనిపిస్తాయి. ఆ ప్రాంగణం అప్పటికే సైనిక స్థావరం. ఆ ఘంటను 1825లో ఆంగ్లేయులు తరలించబోగా అది నదిలో మునిగింది. బర్మా ప్రజలు దానిని వెలికితీసి తిరిగి యథాస్థానానికి చేర్చారు.

మూర్ చిత్రాలు లండన్‌లో అక్వాటింట్ పద్ధతిలో ముద్రితమయ్యాయి. రాగిరేకుపై జిగురుపొడి అద్ది, ఆమ్లంతో దశలవారీగా తినిపించి ఛాయలు రాబట్టి, పిదప చేతితో రంగులు వేస్తారు. చిత్రకారుడు చూసిన దృశ్యానికీ పాఠకుడు చూసే ముద్రణకూ మధ్య, ఆ స్థలాన్ని ఎన్నడూ చూడని చెక్కుడు పనివాని చేయి ఉందన్నమాట. ఆకాశం, వృక్షాలు, శిఖరాల నిష్పత్తి ఆనాటి ఆంగ్ల అభిరుచికి అనుగుణంగా మారే అవకాశం ఉంది.

కాబట్టి ప్రతి చిత్రానికీ మూడు ప్రశ్నలు వేయాలి: ఎవరు ఎక్కడ నిలబడి గీశారు? చెక్కినది ఎవరు? సమకాలిక కొలతలు దానిని సమర్థిస్తున్నాయా? ఈ మూడింటికీ సమాధానం దొరికిన చిత్రాన్నే జీర్ణోద్ధరణకు ఆధారంగా తీసుకోవడం శ్రేయస్కరం. ఆరాధనాస్థలం శిబిరంగా మారిన సంగతిని కూడా ఆ చిత్రమే చెబుతుంది. దానిని వదిలి శిల్పాన్ని మాత్రమే చదివితే సగం సాక్ష్యాన్ని విస్మరించినట్లే.