చీకటి పడితే కిటికీలో దీపం

డిసెంబరు నెలలో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో మధ్యాహ్నం మూడూ నలభై అయ్యేసరికి పొద్దు గూకిపోతుంది. మళ్లీ తెల్లారేది మర్నాడు ఎనిమిదిన్నర దాటాకే. మధ్యలో ఉన్న ఆ ఏడు గంటల పగలైనా ఎండ మొహం కనిపిస్తుందన్న నమ్మకం లేదు. మబ్బు, ముసురు, ఈదురుగాలి. పిల్లలు బడినుంచి ఇంటికొచ్చేవేళకే వీధి దీపాలు వెలుగుతుంటాయి.

అలాంటి ఊళ్లో ఎవరైనా ఏం చేస్తారు? కిటికీ తెరలు బిగించేసి, వెచ్చగా లోపల కూచుంటారనుకుంటాం. కానీ అక్కడ చాలా ఇళ్లల్లో కిటికీలకు తెరలు వెయ్యరు. కిటికీ గట్టుమీద ఓ చిన్న దీపం, ఓ పూలకుండీ, ఇష్టమైన ఏదో బొమ్మా పెడతారు. దీపం వెలుగు లోపలివాళ్లకెంతో, వీధిన పోయేవాళ్లకీ అంతే. డేనిష్ వాళ్ల ఇంటి అలంకరణ చూడాలంటే ఆ కిటికీ దగ్గరే మొదలుపెట్టాలి.

'హ్యుగ' అనే డేనిష్ మాట మీరు వినే ఉంటారు. 2016 ప్రాంతంలో ఆ మాట మీద ఇంగ్లీషులో పుస్తకాలే పుస్తకాలు వచ్చాయి. ఇంట్లోవాళ్లూ అయినవాళ్లూ నలుగురూ చేరి, తొందర లేకుండా, హాయిగా గడిపే పూటని వాళ్లు అలా అంటారు. ఆ పేరు చెప్పి దుప్పట్లూ కొవ్వొత్తులూ అమ్ముకున్న దుకాణాలకు లెక్కలేదు. అయితే ఆ ఇళ్లు అంత అందంగా కనిపించడానికి కారణం వెతుకుతూ పోతే మొదట తగిలేది చీకటి. ఏడాదిలో సగం రోజులు దానితోనే కాపరం కదా మరి!

వెలుగుకి ముసుగు

డెన్మార్క్ వాళ్లు దీపం విషయంలో ఎంత పట్టింపు మనుషులో తెలియాలంటే పౌల్ హెన్నింగ్సెన్ (1894-1967) కథ తెలియాలి. ఈయన తల్లి ఆగ్నెస్ పేరున్న నవలా రచయిత్రి. చిన్నతనంలో కిరసనాయిలు దీపం మెత్తటి వెలుగులో పెరిగిన మనిషికి, కొత్తగా వచ్చిన కరెంటు బల్బు కళ్లలో గుచ్చుకున్నట్టు తోచింది. ఏ వైపునుంచి చూసినా బల్బు మాత్రం కంటికి కనబడకూడదు, వెలుగు మాత్రం బల్లమీద పడాలి. ఇదీ ఆయన పెట్టుకున్న లెక్క. పళ్లేల్లాంటి మూడు రేకుల్ని ఒకదాని కింద ఒకటి అమర్చి 1926లో దీపం తయారుచేశాడు. తర్వాత 1958లో వచ్చిన 'పీహెచ్ 5' అయితే అక్కడి ఇళ్లల్లో భోజనాల బల్లమీద వేలాడే దీపాల్లో పేరెన్నికగన్నది. పెద్ద రేకు వ్యాసం 50 సెంటీమీటర్లు, అందుకే ఆ అయిదు. ఎలాంటి బల్బు తగిలించినా కళ్లు చెదరకుండా ఉండాలని ఆ దీపాన్ని అలా గీశాడు.

ఇంకో సంగతి గమనించండి. దాన్ని పైకప్పుకి అంటించినట్టు పెట్టరు. బల్లకి సుమారు 60 సెంటీమీటర్ల ఎత్తులో, కూచున్నవాళ్ల మొహాలమధ్యకు దింపుతారు. అన్నం తినేచోట ఒక వెలుగు, చదువుకునే కుర్చీ పక్కన ఒకటి, మూలన ఇంకొకటి. గదంతా ఒకేలా వెలిగిపోవాలని వాళ్లకి లేదు. గది నడినెత్తిన ఒక ట్యూబులైటు వేసి, దానికిందే వంటా చదువూ చుట్టాలూ అన్నీ కానిచ్చేసే మనకు ఇది కాస్త వింతే! కానీ సాయంత్రం ఆ ట్యూబులైటు ఆర్పేసి, గోడవైపు తిప్పిన చిన్న బల్బు ఒకటి వేసి చూడండి. ఖర్చు లేని ప్రయోగం.

కాగితంతో దీపానికి గొడుగు చేసిన కుటుంబం కూడా ఉంది. కోపెన్‌హాగెన్‌లో గ్రుండ్‌ట్విగ్ చర్చి గీసిన ఆర్కిటెక్టు యెన్సెన్-క్లింట్, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తన కిరసనాయిలు దీపానికి కాగితాన్ని కుచ్చిళ్లలా మడిచి గొడుగు చేసుకున్నాడు. ఇంటిల్లిపాదీ దాన్ని సరదాగా మడవడం నేర్చారు. 1943లో ఆయన కొడుకు దాన్ని వ్యాపారం చేశాడు. పేరేమిటంటారా, తన కూతురి పేరే: లె క్లింట్. ఇప్పటికీ ఆ మడతలు చేత్తోనే పెడుతున్నారు. చీర కుచ్చిళ్లు పోసే చేతులకి ఆ పని గొప్పతనం వేరే చెప్పక్కర్లేదు.

చొక్కాలు లెక్కపెట్టిన ఆర్కిటెక్టు

డేనిష్ ఫర్నిచర్ అనగానే హాన్స్ వెగ్నర్ పేరు చెబుతారు. చెప్పులు కుట్టే ఆయన కొడుకు. 1949లో గీసిన ఆయన 'వై' కుర్చీ కూచునే భాగాన్ని సుమారు 120 మీటర్ల కాగితపు తాడుతో చేత్తో అల్లుతారు. అవును, కాగితమే! పురిపెట్టి పేనిన తాడు. యుద్ధంరోజుల్లో బయటినుంచి నార రాక, కాగితంతో పేనడం మొదలుపెట్టారు. నులకమంచం ఎరిగినవాళ్లకి ఆ కుర్చీ ఏమంత కొత్తగా అనిపించదు.

మగవాళ్ల పేర్లే ఎక్కువగా వినబడే ఈ కథలో ఆడవాళ్లు చేసిన పని చిన్నదేం కాదు. గ్రెథె మేయర్ (1918-2008) ఆర్కిటెక్టు. బోర్గె మోగెన్సెన్‌తో కలిసి 1950ల్లో గోడ బీరువాలు గీసేముందు ఆవిడ చేసిన పని వింటే నవ్వొస్తుంది, ఆలోచిస్తే గౌరవం కలుగుతుంది. మామూలు కుటుంబానికి ఎన్ని చొక్కాలుంటాయి, మడిస్తే ఎంత వెడల్పొస్తాయి, కంచాలెన్ని, స్పూన్లెన్ని - ఇవన్నీ కొలిచి, లెక్కగట్టి, ఆ కొలతలకు అరలు గీశారు. బీరువా తెచ్చాక సామాను ఎక్కడ కుక్కాలా అని మనం తలపట్టుకుంటాం. ఆవిడ సామాన్ని చూసి బీరువా గీశారు. చీరలకీ పట్టుచీరలకీ దుప్పట్లకీ ఒకే లోతు అర పెట్టే మన వడ్రంగులకు ఈ సంగతి ఎవరైనా చెబితే బాగుండు.

నాన్నా డిట్సెల్ (1923-2005) ముగ్గురాడపిల్లల తల్లి. పిల్లలు కుర్చీలో కుదురుగా కూచోరని ఆవిడకు ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకే 1962లో దారపుకండె ఆకారంలో చెక్కపీట చేశారు. కూచోవచ్చు, దొర్లించవచ్చు, ఒకదానిమీద ఒకటి పేర్చి ఆడుకోవచ్చు. లిస్ ఆల్మన్ చేతిమగ్గం మీద నేత మొదలుపెట్టి, తర్వాత మిల్లుల్లో నేసే గళ్లబట్టలకీ చారలబట్టలకీ నమూనాలిచ్చారు. ఆ సోఫాల మీది బట్టలు అంత నెమ్మదైన రంగుల్లో ఉండటం వెనక ఆవిడ చెయ్యి ఉంది.

ఒక్క మాట మాత్రం అనకుండా ఉండలేను. వీటిల్లో చాలా వస్తువులు సామాన్యుల కోసం పుట్టినవి. వినియోగదారుల సహకార సంఘం ఎఫ్‌డీబీ 1942లో ఫర్నిచర్ పని మొదలుపెట్టిందే కూలీనాలీ చేసుకునేవాళ్ల ఇళ్లకి మంచి సామాను చవగ్గా అందించాలని. వాళ్లకోసం 1947లో మోగెన్సెన్ చేసిన కుర్చీకి 'ప్రజల కుర్చీ' అనే పేరు. ఇవాళ సంగతి వేరు. వెగ్నర్ 'వై' కుర్చీ కొత్తది ఒక్కటి కొనాలంటే మన డబ్బుల్లో అర లక్ష దాటుతుంది. అక్కడివాళ్లు కూడా తాతమ్మ ఇంటినుంచి వచ్చినవీ, పాత సామాన్ల సంతలో దొరికినవీ బాగుచేసుకుని వాడుకుంటారు.

కత్తెర, జిగురు, బంకమట్టి

కానీ పండగ అలంకరణకి మాత్రం అంత డబ్బక్కర్లేదు. డిసెంబరు దగ్గరపడుతుంటే బళ్లల్లోనూ ఇళ్లల్లోనూ ఒకరోజు 'కత్తిరించి అంటించే రోజు' పెట్టుకుంటారు. పెద్దా చిన్నా అందరూ బల్ల చుట్టూ చేరతారు. బంకమట్టి ముద్ద ఒకటి తీసుకుని, మధ్యలో కొవ్వొత్తి గుచ్చి, చుట్టూ నాచు, దేవదారు కొమ్మలు, అడవిలో ఏరుకొచ్చిన ఎండుకాయలు పెడితే క్రిస్మస్ బల్లకి అలంకారం తయారు. ఒకటినుంచి ఇరవైనాలుగు దాకా అంకెలు వేసిన కొవ్వొత్తి ఇంకొకటి ఉంటుంది. రోజుకి ఒక అంకె కరిగేవరకే వెలిగిస్తారు. పండగ ఇంకెన్నాళ్లని పిల్లలు అడగనక్కర్లేదు.

ఎర్రటోపీ పెట్టుకున్న మరుగుజ్జు బొమ్మలు పుస్తకాల అరలమీదా, పటాలమీదా పాకుతూ కనిపిస్తాయి. అన్నీ కాగితం కత్తిరించినవే. వీటిని 'నిస్స' అంటారు. అటకమీద ఉంటాడని పాతరోజుల నమ్మకం. పండగరాత్రి వెన్న వేసిన పాయసంలాంటి జావ పెట్టకపోతే ఇంట్లో అల్లరి చేస్తాడట! 24వ తేదీ రాత్రి చెట్టుకు దీపాలు వెలిగించి, ఇంటిల్లిపాదీ చేతులు పట్టుకుని పాడుతూ దాని చుట్టూ తిరుగుతారు. చెట్టుకి చిన్న చిన్న జాతీయ జెండాల తోరణాలు కడతారు.

ఆ చెట్టుకు వేలాడే ఎర్రా తెల్లా అల్లిక గుండెబొమ్మలు డెన్మార్క్ వాళ్ల సొంతం. తెలిసినంతలో అన్నిటికన్నా పాతది 1860లో హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ చేసింది. అవును, అగ్గిపుల్లలు అమ్ముకునే పిల్ల కథ రాసిన ఆండర్సనే. కథ చెబుతూ కాగితం కత్తిరించడం ఆయనకి అలవాటు. ఆ కథ గుర్తుందా? పండగరాత్రి మంచులో వణుకుతూ నడిచే పిల్లకి ప్రతి కిటికీలోంచీ వెలుగు కనిపిస్తుంటుంది. ఒక్క తలుపూ తెరుచుకోదు.

గుండెబొమ్మ మీరూ చేయొచ్చు. ఎరుపు ఒకటి, తెలుపు ఒకటి - 24 సెంటీమీటర్ల పొడవు, 8 సెంటీమీటర్ల వెడల్పు కాగితాలు రెండు తీసుకోండి. రెండింటినీ పొడవులో సగానికి మడవండి. ఇప్పుడు 12 పొడవు అవుతుంది. మడత లేని కొసని అర్ధచంద్రంలా గుండ్రంగా కత్తిరించండి. మడత వైపునుంచి 8 సెంటీమీటర్లకి రవ్వంత ఎక్కువ లోపలిదాకా, సమదూరంలో మూడు గాట్లు పెట్టండి. నాలుగేసి పట్టీలొస్తాయి. ప్రతి పట్టీ రెండు పొరలు కదా, అదే కిటుకు. రెండు కాగితాల్నీ అడ్డంగా పెట్టి, మొదటి ఎర్రపట్టీని మొదటి తెల్లపట్టీ పొరలమధ్యనుంచి దూర్చండి. తర్వాతి తెల్లపట్టీని దీని పొరలమధ్యకి రానివ్వండి. ఇలా లోపలొకసారి, బయటొకసారి. రెండో ఎర్రపట్టీకి తిరగేసి మొదలుపెట్టాలి. పూర్తయ్యాక విప్పితే సంచీలా తెరుచుకుంటుంది. పైన కాగితపు పిడి అంటించి, లోపల కిస్‌మిస్‌లో జీడిపప్పో వేస్తే సరి. మొదటిసారి చిరగడం ఖాయం, విసుక్కోకండి.

కొవ్వొత్తుల సంగతి మాత్రం జాగ్రత్త. ఎండిన కొమ్మల పక్కన మంట అంటే అక్కడా ప్రమాదాలు తప్పడం లేదు. పొగలోని సన్నటి మసి గదిగాలిని పాడుచేస్తుందని అక్కడి పరిశోధకులే కొలిచి చెప్పారు. గంటలకొద్దీ వెలిగించకుండా, మధ్యలో కిటికీ తెరిచి గాలాడనివ్వడం మంచిది. మన ఇళ్లల్లో ఫ్యానొకటి తిరుగుతుంటుంది, అదీ మర్చిపోవద్దు.

వెలుపలికి చూసే కుక్కలు

మళ్లీ కిటికీ దగ్గరికి వద్దాం. పశ్చిమతీరంలో ఫేనో అని ఒక దీవి. తెరచాప ఓడల కాలంలో అక్కడి మగవాళ్లు నెలలతరబడి సముద్రం మీదే ఉండేవారు. ఇంగ్లండునుంచి జంటగా పింగాణీ కుక్కబొమ్మలు తెచ్చి భార్యలకి ఇచ్చేవారు. భర్త ఓడెక్కితే ఆ బొమ్మల్ని మొహాలు సముద్రంవైపు తిప్పి కిటికీలో పెట్టేదట ఇల్లాలు. తిరిగొచ్చిన రోజున వాటి మొహాలు ఇంటివైపు తిప్పేదట. ఆ దీవి ఇళ్లల్లో ఇప్పటికీ ఆ కుక్కలు కనిపిస్తాయి. వెలుపలికి చూస్తూనే ఉండిపోయిన జంటలెన్నో మరి.

రెండో ప్రపంచయుద్ధంలో 1940 ఏప్రిల్ 9న జర్మన్ సైన్యం డెన్మార్క్‌ని ఆక్రమించింది. ఆనాటినుంచి అయిదేళ్లపాటు రాత్రిపూట ఏ కిటికీలోంచీ వెలుగు బయటికి పొక్కకూడదన్నది ఆజ్ఞ. అంత దీపం పిచ్చి ఉన్న మనుషులు నల్లతెరలు కట్టుకుని బతికారు. 1945 మే 4 రాత్రి ఎనిమిదిన్నర దాటాక లండన్ బీబీసీ డేనిష్ వార్తల్లో, డెన్మార్క్‌లో జర్మన్ సైన్యం లొంగిపోయిందన్న మాట వినబడింది. జనం వీధుల్లోకి పరుగెత్తారు. నల్లతెరలు చించి పారేశారు. ఇంట్లో ఉన్న కొవ్వొత్తి ముక్కలన్నీ వెతికి కిటికీల్లో వెలిగించారు.

ఇప్పటికీ ఏటా మే 4 సాయంత్రం ఎన్నో ఇళ్ల కిటికీల్లో కొవ్వొత్తులు వెలుగుతాయి. మేనెలలో అక్కడ రాత్రి తొమ్మిది దాకా వెలుతురుంటుంది కాబట్టి ఆ దీపంతో పనేమీ లేదు. అయినా పెడతారు. యుద్ధం చూసిన ముసలమ్మలు ఆ పూట మనవల చేత వెలిగిస్తారు.