మీకు తెలుసా? మంచు పడితే మ్యాపులో సగం మాయం!

మ్యాపు, దిక్సూచి పట్టుకుని అడవిలో గుర్తులు వెతుక్కుంటూ పరిగెత్తే ఆట ఓరియంటీరింగ్. అందరూ పాల్గొనగలిగిన తొలి పోటీ 1897 అక్టోబరు 31న నార్వేలో, ఇప్పటి ఓస్లో దగ్గర జరిగింది. అలాంటి చోట శీతాకాలపు మంచు కాలిబాటల్ని, చిన్న రాళ్లను, గుంటల్ని కప్పేస్తుంది. ఇక గుట్టల ఎత్తుపల్లాలు చూపే గోధుమరంగు గీతలే దిక్కు. గడ్డకట్టిన చిత్తడినేలను మాత్రం సులువుగా దాటేయొచ్చు.

అసలు తమాషా అడుగుజాడలది. ముందు వెళ్లినవాళ్ల జాడలు వెనక బయల్దేరినవాళ్లకు ఉచితంగా దారి చూపిస్తాయి. ఇది న్యాయమా అంటే, నన్నడిగితే కాదు! అయితే దారి తప్పినవాడి జాడలూ అక్కడే ఉంటాయి లెండి. స్కీలపై ఆడే పోటీలకు మ్యాపే వేరు: బాటలన్నీ పచ్చ గీతలు, గీత తీరును బట్టి ఎంత వేగంగా జారవచ్చో తెలుస్తుంది.

మరి మంచే పడని చోట? ఛత్తీస్‌గఢ్‌లో, భిలాయ్ ఉక్కు కర్మాగారానికి సున్నపురాయి అందించిన నందినిలో మంచు కురవదు. అక్కడ పరుగు పెడితే పరీక్షంతా వానాకాలంలోనే. అక్కడి రైతులు కన్హార్ అనే నల్లరేగడి తడిస్తే బూట్లకు ముద్దలుగా అంటుకుంటుంది. భాటా అనే ఎర్ర గరపనేల మీద నీరు నిలవదు, అడుగు చకచకా పడుతుంది.