వణికే చేతులైనా చాలు

టెక్కలిలో ఒక విశ్వాసుల కుటుంబం ఉంది. ఆ ఇంటి ఇల్లాలు ఉద్దానం ఆడపడుచు. రెండో తరగతి చదివే ఒక్కగానొక్క కొడుకు. ఒక ఆదివారం ఆరాధన ముగిశాక అందరూ వెళ్లేదాకా ఆగి, ఆమె తన బాధ చెప్పుకుంది. "అయ్యగారూ, బడిలో ఏ పిల్లాడికైనా 'అది' అయిందని తెలిస్తే చాలు, ఆ రాత్రి నాకు నిద్ర ఉండదు" అంది. 'అది' అంటే వాంతి. ఆ మాట పలకడానికే ఆమె భయపడుతోంది.

కొడుకు బడి నుంచి రాగానే గుమ్మంలోనే బట్టలు మార్పిస్తుంది. తోలు పగిలేదాకా చేతులు కడుగుతుంది. పక్కన ఎవరికి వాంతి అవుతుందోనని బస్సెక్కదు, పెళ్లి భోజనాలకు వెళ్లదు. ఊళ్లో జ్వరాలున్నాయంటే పిల్లవాణ్ణి బడి మాన్పిస్తుంది. వాడికి నిజంగానే వాంతి అయితే పెరట్లోకి పరుగెత్తి చెవులు మూసుకుంటుంది. అప్పుడు నాయనమ్మే వాణ్ణి చూసుకోవాలి.

ఆ రోజు నేను ఆమెకు యోహాను పత్రిక తెరిచి, సంపూర్ణమైన ప్రేమ ముందు భయం నిలవదని చెప్పాను (1 యోహాను 4:18). ఇంకా ప్రార్థించమన్నాను. ఆమె తలూపి వెళ్లిపోయింది. మంచి సలహా ఇచ్చానని నేను తృప్తిపడ్డాను.

నెల తర్వాత సండే స్కూలు టీచరు నా దగ్గరకు వచ్చింది. ఆ పిల్లవాడు చర్చి వెనక కొబ్బరిచెట్టు చాటుకు వెళ్లి వాంతి చేసుకున్నాడు. టీచరు చూసేసరికి కన్నీళ్లతో చేతులు పట్టుకుని, "మా అమ్మకి చెప్పకండి టీచర్, అమ్మ భయపడిపోద్ది" అని బతిమాలాడట. ఏడేళ్ల పసివాడు తల్లిని కాపాడటానికి తన జబ్బును దాచుకుంటున్నాడు! ఆ మాట నా గుండెల్లో గుచ్చుకుంది. ఆ తల్లికి నేనిచ్చిన సలహా ఏం మేలు చేసిందని నన్ను నేనే ప్రశ్నించుకున్నాను.

ఇంటికి వెళ్లి అదే అధ్యాయం మళ్లీ చదివాను. యోహాను అక్కడ చెబుతున్నది తీర్పు దినాన్ని గురించి, శిక్షను గురించిన భయం. క్రీస్తు ప్రేమను ఎరిగినవాడు ఆ శిక్షకు భయపడనవసరం లేదన్నది దాని భావం. పిల్లల జబ్బుకు వణికిపోయే తల్లికి ప్రేమ లేదని ఆ వచనం చెప్పడం లేదు. నేను దాన్ని సందర్భం నుంచి ఊడదీసి, అప్పటికే భయంతో నలిగిపోతున్న ఆమెపై నేరభావాన్ని కూడా మోపాను. వాక్యాన్ని బోధించేవాడు చేయకూడని పొరపాటు ఇది.

మర్నాడే ఆమె ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాను. అప్పుడామె తన తండ్రి గురించి చెప్పింది. ఆయన ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల రైతు. చాలా ఏళ్ల క్రితం మూత్రపిండాలు పాడయ్యాయి. డయాలసిస్‌ కోసం పలాసలో రైలెక్కి విశాఖపట్నం వెళ్లాల్సి వచ్చేది. దారి పొడవునా వాంతులు. పక్కన గిన్నె పట్టుకుని కూర్చున్నది బడి వయసులో ఉన్న ఈమే. "నాన్నకు వాంతైన ప్రతిసారీ ఇంట్లో అందరూ ఏడ్చేవారండీ" అంది.

ఉద్దానం ప్రాంతంలో ఈ కథ ఎన్నో ఇళ్లలో ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి వేలాది కుటుంబాలను కుంగదీసింది. ఆ వ్యాధి ముదిరినప్పుడు రక్తంలో వ్యర్థాలు పేరుకుని వికారం, వాంతులు మొదలవుతాయి. దీనికి ఇదే కారణమని పరిశోధకులు ఇంకా తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి తాగునీటి పథకం కూడా అప్పుడే మొదలైంది. కానీ ఆ చిన్నపిల్ల మనసులో వాంతి అంటే మరణమన్న ముద్ర అప్పటికే పడిపోయింది. అది అవిశ్వాసం కాదు, గాయం.

తిమోతి తల్లి యునీకే, అమ్మమ్మ లోయి గొప్ప విశ్వాసులు. అయినా తిమోతికి కడుపు జబ్బు, తరచూ అనారోగ్యం ఉండేవి. నీకు విశ్వాసం చాలలేదని పౌలు అతణ్ణి గద్దించలేదు. ఆనాడు ఔషధంగా వాడే ద్రాక్షారసం కొంచెం పుచ్చుకోమని సలహా ఇచ్చాడు (1 తిమోతి 5:23). ప్రార్థించే అపొస్తలుడే వైద్యం చెప్పాడు. గెత్సేమనేలో మన ప్రభువు సైతం తీవ్రమైన వేదనతో కలవరపడ్డాడు (మార్కు 14:33). కలవరం పాపమైతే పాపరహితుడైన ప్రభువుకు అది కలిగేది కాదు. ఆయన కలవరపడ్డాడు, కానీ పారిపోలేదు.

వాంతి అంటే విపరీతంగా భయపడటాన్ని వైద్యులు 'ఎమెటోఫోబియా' అంటారు. దానికి చికిత్స ఉంది. ఆ తల్లిని మానసిక వైద్యుడి దగ్గరకు పంపాం. ఆయన ఆమెను ఒక్కసారిగా భయంలోకి నెట్టలేదు. మొదట ఆ మాట కాగితం మీద రాయించాడు, తర్వాత పలికించాడు. ఆపైన బొమ్మలు చూపించాడు, శబ్దం వినిపించాడు. ఒక మెట్టు అలవాటయ్యాకే రెండో మెట్టు. తప్పించుకున్నకొద్దీ భయం పెరుగుతుందని, కొద్దికొద్దిగా ఎదుర్కొంటే తగ్గుతుందని వివరించాడు. ఆస్పత్రికి వెళ్లడానికి వెనకాడేవారు 14416కు ఫోన్‌ చేయవచ్చు. 2022 అక్టోబరులో మొదలైన 'టెలి మానస్‌' అనే ఈ ఉచిత ప్రభుత్వ సేవలో తెలుగులోనే మాట్లాడతారు.

బడిలో వ్యాపించే వాంతుల గురించి కూడా ఆమె తెలుసుకుంది. నోరోవైరస్‌ వంటివి సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల్లో తగ్గిపోతాయి. వాటికి శానిటైజర్‌ కన్నా సబ్బు, నీళ్లే మేలు. భోజనానికి ముందు, మరుగుదొడ్డికి వెళ్లొచ్చాక కడుక్కుంటే చాలు, తోలు పగలనక్కర్లేదు. వాంతులు ఆగాక రెండు రోజులు పిల్లల్ని ఇంట్లో ఉంచితే మిగతా పిల్లలకూ మేలు. వాంతి అయ్యాక పది నిమిషాలు ఆగి, ఓఆర్‌ఎస్‌ నీళ్లు చెంచాతో కొంచెం కొంచెంగా పట్టాలి. 1971లో బంగ్లాదేశ్‌ శరణార్థుల శిబిరంలో కలరా ప్రబలినప్పుడు డాక్టర్‌ దిలీప్‌ మహలనబిస్‌ ఈ ఉప్పు, చక్కెర నీళ్లతోనే ఎన్నో ప్రాణాలు నిలబెట్టారు. బిడ్డ మగతగా పడి ఉన్నా, మూత్రం రాకపోయినా, వాంతిలో రక్తం కనిపించినా, ఏదీ కడుపులో నిలవకపోయినా ఆలస్యం చేయక ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

మొన్న వానాకాలంలో ఒక అర్ధరాత్రి ఆ పిల్లవాడికి మళ్లీ వాంతులయ్యాయి. నాయనమ్మ ఊళ్లో లేదు. "పరుగెత్తాలనిపించింది అయ్యగారూ. కాళ్లు వణికాయి. కానీ గిన్నె పట్టుకుని వాడి నుదురు ఒత్తుతూ కూర్చున్నాను" అని ఆమె చెప్పింది. వాడు తల్లి ముఖం చూసి, "అమ్మా, నువ్వు వెళ్లిపోలేదా?" అన్నాడట. వాంతి తుడుస్తున్నంతసేపూ ఆమె చేతులు వణుకుతూనే ఉన్నాయి.

ఆమె భయం పూర్తిగా పోలేదు. ఇప్పటికీ చికిత్స తీసుకుంటోంది, ప్రార్థిస్తూనే ఉంది. అయితే పిల్లవాడు మాత్రం కడుపులో బాగోకపోతే దాచకుండా తల్లి దగ్గరకే వస్తున్నాడు. ఆ కుటుంబానికి దేవుడిచ్చిన గొప్ప విడుదల అదే.

కుష్ఠరోగిని ప్రభువు దూరం నుంచి మాటతోనే బాగుచేయగలడు. అయినా చెయ్యి చాపి ముట్టుకున్నాడు (మార్కు 1:41). ప్రేమకు గుర్తు దగ్గరకు రావడమే. మన సంఘాల్లో ఇలాంటి భయాలతో నలిగే తల్లులు, తండ్రులు ఇంకా ఉన్నారు. వారికి వచనం అప్పజెప్పి పంపకుండా ముందు వారి కథ వినండి. వైద్యుడి దగ్గరకు తోడు వెళ్లండి, వారి కోసం, వారితో కలిసి ప్రార్థించండి. భయం లేని చేతులు కావాలని దేవుడు అడగడు. ఆయనకు వణికే చేతులైనా చాలు.