కవి జన్మగృహము - పురజనుల రక్షణ

ఒక పురము తన పెద్దలను ఎంతవరకు స్మరించుచున్నదో తెలిసికొనుటకు అచ్చటి విగ్రహములను లెక్కింప నక్కరలేదు. వారు పుట్టి పెరిగిన యిండ్లు నేడెవరి చేతిలో, ఏ స్థితిలో నున్నవో విచారించిన చాలును. ఈ విషయమున ఇంగ్లండు దేశపు వాయవ్యభాగమునందలి కాకర్మత్ అను చిన్న పట్టణమునుండి మనము నేర్వదగిన పాఠ మొకటి గలదు.

కాకర్, డెర్వెంటు నదుల సంగమమున నున్న ఈ ఊరు 1221లోనే సంత జరుపుకొనుటకు రాజశాసనము పడసినది. దీని ప్రధానవీథిలో 1745 ప్రాంతమున కట్టిన మేడ యొకటి తక్కిన యిండ్లను మించి కానవచ్చును. ఆంగ్లకవి విలియమ్ వర్డ్సువర్తు 1770 ఏప్రిల్ 7వ తేదీన జన్మించిన దీ యింటనే. ఈ కవి మన కళాశాలల విద్యార్థులకు చిరపరిచితుడు. మన భావకవులకు స్ఫూర్తి నొసగిన ఆంగ్లకవులలో నొకడు. కావున ఆ గడప దాటునపుడు పరాయి యింట కాలిడినట్లు మాకు తోచలేదు.

ఇల్లు ఆ కుటుంబమునకు స్వంతము కాదు. తండ్రి జాన్ వర్డ్సువర్తు ఆ సీమలో మహాభూస్వామియైన సర్ జేమ్స్ లౌదరు కడ న్యాయవ్యవహారములు చూచు ఏజంటు. ఉద్యోగముతో పాటు ఇల్లును అద్దె లేకుండ లభించెను. ఐదుగురు బిడ్డలును ఇచ్చటనే పుట్టిరి. 1778లో తల్లియు, 1783లో తండ్రియు గతింపగా, ఉద్యోగముతో ఇల్లును పోయి, బిడ్డలు బంధువుల పంచల చేరిరి. లౌదరు వారి తండ్రికి ఈయవలసిన సొమ్ము 4,000 పౌనులకు పైబడి యుండెను. ఆయన బ్రతికియున్నంతకాలము అది చెల్లలేదు. 1802లో ఆయన మరణించిన పిదపనే వారసుడు దానిని తీర్ప బూనెను.

ఈ కుటుంబమునకు మన దేశముతోను కొంత సంబంధము గలదు. కవి తమ్ముడగు జాన్ ఈస్టిండియా కంపెనీ నౌకకు అధిపతి. అన్నయు, అక్క డోరతీయు తమ ధనము కొంత ఆతని వర్తకమున పెట్టుబడి పెట్టిరి. బంగాళమునకును చీనాకును బయలుదేరిన ఆ నౌక 1805 ఫిబ్రవరి 5న ఇంగ్లండు తీరముననే మునిగెను. జానుతో కూడ 250 మందికి పైగా మరణించిరి. కంపెనీ లాభముల ఆశ వంగభూమిని మాత్రమే గాక, ఈ దూరపు టింటిని గూడ తాకినది.

ఇంటిని 1770 ప్రాంతపు స్థితికి తెచ్చి 2004లో మరల తెరచిరి. వంటయింటి పొయ్యి, తండ్రి కచేరీగది, బిడ్డల గది, పెరటి కూరగాయల తోట సందర్శకులకు కానవచ్చును. కుటుంబము వాడిన వస్తువులు కొద్దియే మిగిలినవి. తక్కినవి ఆ కాలపువియో, ఆ పోలికను చేయించినవియో. పిల్లలు ముట్టి చూడదగినవియు నున్నవి. పూజామందిరమువలె గాక, మనుష్యులు కాపురమున్న యిల్లుగా దీనిని తీర్చిన తెలివిని మేము మెచ్చుచున్నాము. తోట వెనుక డెర్వెంటు పాఱుచున్నది. దాని రవమును కవి తన స్వీయచరిత్రాత్మక కావ్యమున ప్రేమతో స్మరించినాడు. ఆ నదియే 2009 నవంబరులో పొంగి, ఊరిని ముంచి, ఈ తోటను పాడుచేసినది. దానిని మరల నాటి పెంచిరి.

వరదకంటె పెద్ద గండము 1937లో వచ్చెను. ఒక బస్సు కంపెనీ ఈ యింటిని కొని, కూల్చి, బస్సుల నిలయము కట్టదలచెను. కంపెనీని మేము నిందింపము. బస్సులు ఊరికి వలసినవే. అవి నిలుచుటకు మఱియొక చోటు దొరకును గాని, కవి పుట్టిన యిల్లు మఱియొకటి దొరకదు. పురజను లిది గుర్తించి, చందాలు ప్రోగుచేసి, ఇంటిని కొని, 1938లో నేషనల్ ట్రస్టు అను సంస్థకు అప్పగించిరి. మరుసటి యేట అది ప్రజలకు తెరువబడినది. చందాలు ఆ సమయమున రాకున్న, నేడు మేము చూచుటకు ఆ స్థలమున ఫలక మొకటి మాత్రమే యుండెడిది.

విజయనగరమున గురజాడ అప్పారావుగారి యిల్లును, రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారి యిల్లును స్మారకములుగ నిలిచినవి; సంతోషము. కాని ప్రతి తెలుగు పట్టణమునను ఇట్టి యిండ్లుండును. వారసులు పంచుకొనుటచేతను, స్థలము వెల పెరుగుటచేతను, ఒక్కొక్క గోడయే నేలకొఱగుచుండును. కూలిన పిమ్మట సంతాపసభ జరుపుట సులభము. నిలిచియుండగా చందా యిచ్చుట కష్టము. భూవసతి గలవారును, పురప్రముఖులును తమ ఊరి యిండ్లలో కాపాడదగిన వానిని ఇప్పుడే గుర్తించి, ఒక ధర్మకర్తృసంఘమున కప్పగించి, మరమ్మతులకు నిలువ నిధి చేకూర్చవలెను. లౌదరు సంపదను తలచుకొనుటకై ఈ గడప నెవరును త్రొక్కరు; ఆయన పేరిచ్చట వినబడునది తీర్చని బాకీతోనే. చందా యిచ్చిన పురజనుల కార్యము మాత్రము గోడలతోకూడ నిలిచియున్నది.